బొమ్మల కథలకు అధికారి ఎవరు?

(ఉగాది ఉత్సవాల సందర్భంలో మన సంఘ మందిరంలో జరిగిన తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదినాడు పంచాంగ శ్రవణమో, కవి సమ్మేళనమో, హరికథో వుండడం మన ఆనవాయితీ. ఆ వరుసలో జపాను బొమ్మల కథలను గురించి మాట్లాడమని కార్యదర్శిగారు కోరినప్పుడు, పెద్దలు ఏమనుకుంటారో అని కొంచెం జంకాను. కాని వారు చెప్పిన కారణం విన్న తర్వాత కాదనలేకపోయాను. "మన షోలాపురంలో ఏ తెలుగు ఇంటి పిల్లవాణ్ణి కదిలించినా ఆ పేర్లే చెబుతున్నాడు. ఏది మంచిదో, ఏది కాదో చెప్పగలవాళ్ళు ఇంట్లో లేరు. పెద్దలు రెండే మాటలు అంటున్నారు. 'బొమ్మలే గదా, చూడనీ' అని ఒకటి, 'ఆ దిక్కుమాలిన బొమ్మలు కట్టిపెట్టు' అని రెండవది" అన్నారు వారు. ఆ రెండు మాటల నడుమ చెప్పవలసింది ఏమైనా వున్నదా అనేదే యీనాటి నా విషయం.

ముందు పేర్లు తెలుసుకుందాం. జపానువారు అచ్చులో చదువుకొనే బొమ్మల కథను 'మాంగా' అంటారు. బొమ్మలను కదిలించి తెరమీద చూపితే అది 'అనిమే'. అనిమేలలో చాలావాటికి మూలం ఏదో ఒక మాంగా. ఒకప్పుడు మన సినిమాలకు వారపత్రికల సీరియల్ నవలలు మూలమైనట్లే. ఇవి మన ఇళ్ళకు నిన్న మొన్న వచ్చినవీ కావు. ఇక్కడ కూర్చున్న నలభై యేళ్ళవారు చిన్నతనంలో, 1993 ప్రాంతాల దూరదర్శన్‌లో మోగ్లీ కథను హిందీలో చూచే వుంటారు. ఆ 'జంగిల్ బుక్' జపానువారు 1989లో తీసిన అనిమే. అప్పుడు దానిని ఆ పేరుతో పిలవాలని మనకు తెలియదు, అంతే.

ఇక విషయానికి వస్తాను. మన పూర్వులు శాస్త్ర గ్రంథం మొదలుపెట్టేటప్పుడు నాలుగు సంగతులు ముందే చెప్పేవారు. అందులో వొకటి 'అధికారి'. అనగా హోదా వున్న దొరగారు కాదు. యీ గ్రంథం చదవడానికి తగినవాడెవడు అని. ఎవరికోసం వ్రాసినదో తెలిసిన తర్వాతనే గ్రంథంలోకి ప్రవేశం. చిత్రమేమంటే, జపాను మాంగాలో యీ పద్ధతి యింకా బతికి వున్నది. మాంగా ముందు పత్రికలో ధారావాహికంగా వస్తుంది. ప్రతి పత్రికకూ పాఠకులెవరో నిర్ణయమై వుంటుంది. మగపిల్లల పత్రికలలో వచ్చేది 'షోనెన్', ఆడపిల్లల పత్రికలలో వచ్చేది 'షోజో', యువకులకూ పెద్ద మగవారికీ 'సేనెన్', పెద్ద స్త్రీలకు 'జోసే'. ఇవి కథల రకాలు కావు, పాఠకుల రకాలు. యీ తేడా పట్టుకుంటే సగం పని అయిపోయినట్లే.

మీకందరికీ తెలిసిన డోరేమాన్ సంగతే చూడండి. ఫుజికో ఎఫ్. ఫుజియో అనే ఆయన 1969 చివర దానిని మొదలుపెట్టినప్పుడు ఒకేసారి 6 పత్రికలలో వేశారు. అవన్నీ చిన్నపిల్లల పత్రికలు. బడికి పోని పసివారికి రెండు, ఒకటవ తరగతికి వొకటి, రెండవ తరగతికి వొకటి, యీ విధంగా నాలుగవ తరగతి వరకు. అదే పిల్లి, అదే నోబితా, కాని ఏ తరగతి పిల్లలకు తగిన కథ ఆ తరగతికి వేరుగా వ్రాసేవారు ఆయన. మన చందమామ తాతకూ మనవడికీ కూడా ఒకే పుస్తకం. అది మన గొప్ప. తరగతికొక కథ, అది వారి గొప్ప.

ఇంకొక ఆనవాలు చెబుతాను. జపాను భాషలో చైనా నుంచి వచ్చిన కష్టమైన అక్షరాలు వేలకొద్దీ వున్నవి. పిల్లల పత్రికలలో ఆ అక్షరాల పక్కనే ఉచ్చారణ చిన్న అక్షరాలతో వేస్తారు. పెద్దల పత్రికలలో చాలావరకు అలా వెయ్యరు. అనగా పేజీ చూడగానే అది ఎవరికోసమో జపాను తల్లికి తెలిసిపోతుంది. అదే కథ సముద్రం దాటి, హిందీ మాటలు తొడుక్కుని మన టీవీకి వచ్చేటప్పటికి ఆ చిన్న అక్షరాలు వుండవు, పత్రిక పేరు వుండదు, అధికారి ఎవరో చెప్పే చీటీ చిరిగిపోతుంది. మిగిలేది బొమ్మ. బొమ్మ కనబడితే చాలు, మనకు అది పిల్లల సరుకు.

దీనికి షిన్‌చాన్‌ను మించిన సాక్ష్యం లేదు. యోషితో ఉసుయి అనే చిత్రకారుడు 'క్రేయాన్ షిన్‌చాన్'ను 1990లో మొదలుపెట్టినది 'వీక్లీ మాంగా యాక్షన్' అనే పత్రికలో. అది పెద్ద మగవారి పత్రిక. ఐదేళ్ళ పిల్లవాడు తల్లిదండ్రుల పరువు నలుగురిలో తీస్తూ వుంటే, ఇల్లు గడుపుకొనే ఉద్యోగి చదివి నవ్వుకోవడానికి వ్రాసినది. ఆ కథలో హాస్యమంతా తండ్రి అవస్థలో వున్నది. అటువంటిది 2006 నుంచి మన దేశంలో పిల్లల ఛానెల్లో ఆడింది. ఇళ్ళలో పిల్లలు షిన్‌చాన్ మాదిరిగా ఎదురు చెబుతున్నారని తల్లులు మొత్తుకున్నారు. 2008లో కేంద్ర ప్రభుత్వమే కలుగజేసుకుని కొంతకాలం దానిని నిలిపివేయించింది; తరవాత కత్తిరింపులతో మళ్ళీ వచ్చింది. తప్పు షిన్‌చాన్‌ది అని నేను అనను. తండ్రికి పెట్టిన విస్తరి ముందు కొడుకును కూర్చోబెట్టాము. మిరపకాయ బజ్జీ మంచిదే, పాలు మరవని పిల్లవాడికి పెట్టేది కాదు.

అయితే పత్రిక వర్గం తెలిస్తే చాలునా? చాలదు. షోనెన్ అనే మాటకు జపానులో పన్నెండేళ్ళవాడూ వస్తాడు, పదిహేడేళ్ళవాడూ వస్తాడు. 1968లో మొదలైన 'షోనెన్ జంప్' 1990లలో వారానికి 60 లక్షల పైచిలుకు ప్రతులు అచ్చయిన పత్రిక. దానిలోనే నవ్వుల కథా వచ్చింది, పేరు వ్రాస్తే మనిషి చచ్చిపోయే పుస్తకం కథ 'డెత్ నోట్' కూడా వచ్చింది. 'ఎటాక్ ఆన్ టైటాన్'లో రాక్షసులు మనుషులను నమిలి మింగుతారు. వచ్చినది మగపిల్లల పత్రికలోనే. కాబట్టి వర్గం చూచిన తర్వాత వయస్సు గుర్తు కూడా చూడాలి. 2021 నియమాల తరువాత మన దేశంలో ఇంటర్నెట్టు ద్వారా చూపే ప్రతి చిత్రానికి 7, 13, 16 ఏళ్ళు, పెద్దలు అని గుర్తు వెయ్యవలసి వున్నది. తెరమీద మూలగా రెండు క్షణాలు కనిపించి పోతుంది. మనం ఆ రెండు క్షణాలూ రిమోటు కోసం వెతుకుతూ వుంటాం!

బొమ్మను చూచి కూడా మోసపోవచ్చు. 2011లో 'మడోకా మాగికా' అని 12 భాగాల అనిమే వచ్చింది. గుండ్రటి ముఖాలు, గులాబిరంగు జడలు, ముద్దుగా మాట్లాడే పిల్లిలాంటి జంతువు. ఏడేళ్ళ ఆడపిల్ల ముందు పెట్టాలనిపిస్తుంది. మూడవ భాగం చివరకు వచ్చేటప్పటికి కథ రంగు మారి, పెద్దవాళ్ళకే నిద్ర పట్టదు. అందుకే అనిమే అలవాటున్నవారు కనీసం మూడు భాగాలు చూడనిదే వొక మాట అనరు. అన్నం వుడికిందో లేదో చెప్పడానికి మనకు ఒక్క మెతుకు చాలు; యిక్కడ మూడు మెతుకులు పట్టి చూడవలసి వున్నది.

మరొక ఉదాహరణ చెప్పకుండా వుండలేను. 1988 ఏప్రిల్‌లో జపానులో గిబ్లీ అనే చిత్రశాలవారు ఒకే టిక్కెట్టుకు రెండు సినిమాలు చూపారు. వొకటి మియజాకి హయావొ తీసిన 'మై నైబర్ తొతొరొ'. అమ్మ ఆసుపత్రిలో వుండగా పల్లెటూరికి కాపురం వచ్చిన అక్కచెల్లెళ్ళ కథ. నాలుగేళ్ళ పిల్ల కూడా హాయిగా చూస్తుంది. రెండవది తకహాతా ఇసావొ తీసిన 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్'. 1945లో కోబె పట్టణం మీద బాంబులు పడి తల్లి పోతే, పద్నాలుగేళ్ళ అన్న, నాలుగేళ్ళ చెల్లెలు ఆకలితో మాడిపోయే కథ. ఒకే సంస్థ, ఒకే రోజు, ఒకే తెర. సంస్థ పేరు చూచి రెండూ పసివారికి చూపినవారు ఆ రాత్రి పిల్లలకు ఏమి సమాధానం చెప్పగలరు? అలాగని రెండవది చూడకూడనిదా? యుద్ధమంటే ఏమిటో తెలియాలంటే కాలేజీ పిల్లలందరూ చూడవలసినదని నా నమ్మకం. చూచేటప్పుడు మీరూ పక్కన కూర్చోండి.

ఇంతవరకు వయస్సు సంగతి. ఇక నిడివి. ఇది తల్లిదండ్రులు అసలు అడగని ప్రశ్న, నా దృష్టిలో రెండవ ముఖ్యమైన ప్రశ్న. 'వన్ పీస్' అనే కథ 1997లో పత్రికలో మొదలైంది, పుస్తకాలు నూరు సంపుటాలు దాటినవి. 1999లో మొదలైన అనిమే 1100 భాగాలు దాటింది. రోజుకొక భాగం చొప్పున చూచినా మూడేళ్ళు పడుతుంది. కథ మంచిదే, స్నేహం విలువ చెప్పేదే. కాని తొమ్మిదవ తరగతిలో మొదలుపెట్టిన పిల్లవాడు ఇంటరు పరీక్ష ఫీజు కట్టేనాటికీ దానిలోనే వుంటాడు. 'నరూతో' మొదటి వరుస 220 భాగాలలో చివరి 80 చిల్లర చాలామటుకు మూల మాంగాలో లేనే లేవు. మాంగా వ్రాసేవాడికంటే అనిమే ముందుకు పోకుండా, ఆలోగా నింపిన పొట్టు. పాయసంలో నీళ్ళు పోసినట్లు. వాటిని వదిలేసినా కథ చెడదు. ఏవి వదలవచ్చునో మీ పిల్లవాడికే తెలిసి వుంటుంది, అడగండి.

అందుకని, కొత్తగా మొదలుపెట్టేవారు ముగిసిన కథను పట్టుకోవడం మేలు. 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్' అలాంటిది. అరకావా హిరోము అనే ఆమె 2001 నుంచి 2010 వరకు వ్రాసి 27 సంపుటాలలో ముగించారు. చనిపోయిన తల్లిని తిరిగి బతికించాలని ఇద్దరు అన్నదమ్ములు చెయ్యరాని ప్రయోగం చేసి, ఒకడు చెయ్యీ కాలూ, రెండవవాడు శరీరమంతా పోగొట్టుకుంటారు. ఏదీ ఊరకే రాదు, వచ్చినదానికి సమానమైనది ఇవ్వాలి అనే సూత్రం చుట్టూ కథ నడుస్తుంది. దీనికి అనిమేలు రెండున్నవి. 2003లో తీసిన 51 భాగాల దానికి మాంగా అప్పటికి పూర్తి కాలేదు గనుక వారే వేరే ముగింపు కట్టుకున్నారు. 2009లో 'బ్రదర్‌హుడ్' అని మళ్ళీ తీసిన 64 భాగాలదే మూలాన్ని అనుసరించినది. పదమూడు పద్నాలుగేళ్ళు దాటినవారికి రెండవదే చూపండి. పేరు వొకటే గదా అని మొదటిది తెరిస్తే సగం నుంచి దారి వేరు.

ఆటల మీద మోజున్న పిల్లవాడికి 'హైక్యూ' ఇవ్వండి. వాలీబాల్ కథ. మన పల్లెల్లో సాయంత్రం వల కట్టి ఆడే ఆటే. పొట్టివాడొకడు వలపైకి ఎగరాలని తపించడమూ, ఓడిన జట్టును కూడా రచయిత చిన్నచూపు చూడకపోవడమూ నాకు చాలా నచ్చినవి. ఫురుదాతె హరుయిచి వ్రాసిన యీ మాంగా 2012 నుంచి 2020 వరకు 45 సంపుటాలు. చెవిటి అమ్మాయిని బడిలో ఏడిపించినవాడు పెద్దవాడైన తర్వాత ఆమె ముందు నిలబడే కథ 'ఎ సైలెంట్ వాయిస్' ఏడే సంపుటాలు, వొక సినిమా. హైస్కూలు పిల్లలకూ, వారి పంతుళ్ళకూ కూడా.

మన ఇళ్ళకు అతికే కథ వొకటి వున్నది, దానిని గురించి రెండు మాటలు ఎక్కువ చెబుతాను. 'కికీస్ డెలివరీ సర్వీస్', 1989లో వచ్చిన మియజాకి చిత్రం. కదొనొ ఎయికొ అనే రచయిత్రి 1985లో వ్రాసిన పుస్తకం దానికి మూలం. కికీ మంత్రగత్తెల వంశంలో పుట్టిన పిల్ల. పదమూడేళ్ళు రాగానే ఇల్లు విడిచి, తెలియని వూరిలో వొక యేడు తన విద్యతో తాను బతకాలి. వంశాచారం. ఆ పిల్ల సముద్రపు వొడ్డున పెద్ద పట్నానికి వస్తుంది. మొదటిరోజు ఎవరూ పలకరించరు, పోలీసు గదమాయిస్తాడు. రొట్టెల దుకాణం ఇల్లాలు అటకమీద గది ఇచ్చి ఆదరిస్తుంది. సామాన్లు మోసుకుపోయి ఇంటింటికీ చేర్చే పని పెట్టుకుంటుంది. కొన్నాళ్ళకు దిగులుతో ఎగరడమే మరచిపోతుంది. చేతికి వచ్చిన మగ్గం పని తప్ప మరేమీ మూట కట్టుకోకుండా కరీంనగరం నుంచి, వరంగల్లు నుంచి, నల్లగొండ నుంచి యీ వూరికి దిగిన మన తాతల కథ యిది కాదూ? ఆ సినిమాలో యుద్ధం లేదు, దుర్మార్గుడు లేడు. కొత్త వూరు, పొట్టకూడు, ఒంటరితనం మాత్రమే వున్నవి. తాతగారు, మనవరాలు ఒకే చాపమీద కూర్చుని చూడవచ్చును.

ఒకే చాప అన్నాను గనుక భాష సంగతి. మన పిల్లల బడి మరాఠీలోనో ఇంగ్లీషులోనో, వీధి హిందీ, ఇల్లు తెలుగు. బొమ్మలు ఇన్నాళ్ళూ హిందీ వైపే వుండినవి. ఇటీవలి సంవత్సరాలలో క్రంచీరోల్ అనే సంస్థ కొన్ని అనిమేలను తెలుగు మాటలతో ఇస్తున్నది. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్' సినిమా మన దేశంలో తెలుగులో కూడా విడుదలైంది. సంతోషమే. అయితే తెలుగులో వున్నది గదా అని పిల్లలదనుకోవద్దు. 'సోలో లెవెలింగ్', 'జుజుత్సు కైసెన్' వంటివి తెలుగు మాట్లాడినా నెత్తురు నెత్తురే.

తెలుగు మాటలు లేని కథకు వొక ఉపాయం వున్నది. మా పేటలో వొక ఇంట్లో చూచాను. పదవ తరగతి కుర్రవాడు 'డీమన్ స్లేయర్' హిందీలో చూస్తాడు. రాత్రి భోజనాలైన తరవాత ఆ రోజు కథ నాయనమ్మకు తెలుగులో చెప్పాలి, అది ఆ ఇంటి నియమం. కుర్రవాడికి మాటలు దొరకవు. 'డీమన్' అంటాడు. "రాక్షసుడనరా" అంటుంది ఆవిడ. 'ప్రామిస్' అంటాడు. "ఒట్టు పెట్టుకున్నాడా?" అంటుంది. ఆ కథలో రాక్షసిగా మారిన చెల్లెలిని అన్న పెట్టెలో పెట్టి వీపున మోసుకు తిరుగుతాడు. జనమంతా దానిని చంపమంటారు. కుర్రవాడు అక్కడ ఆగి, "నువ్వయితే ఏం చేస్తావు నాయనమ్మా?" అని అడిగాడు. "రాక్షసి అయితే మాత్రం చెల్లెలు కాకుండా పోతుందా?" అన్నది ఆవిడ. గొతోగె అనే ఆ రచయిత 23 సంపుటాలలో చెప్పినది యిదే. తలలు తెగే కథ గనుక చిన్నపిల్లలకు నేను చెప్పను. కాని ఆ ఇంట్లో ఆ కుర్రవాడు ఏమి చూస్తున్నాడో పెద్దలకు తెలుసు, వాడి తెలుగు కూడా రోజుకు నాలుగు మాటలు పెరుగుతున్నది.

జపానుకూ మనకూ నిజంగా చుట్టరికం కలిపిన కృతులూ లేకపోలేదు. యుగో సాకో అనే జపాను దర్శకుడు మన రామ్ మోహన్‌గారితో కలిసి తీసిన 'రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ' 1992 నాటి చిత్రం; 2025 జనవరిలో మన దేశపు హాళ్ళకు తెలుగు మాటలతో సహా వచ్చింది. కురొయనాగి తెత్సుకొ వ్రాసిన 'తొత్తొచాన్' చాలామంది 'రైలుబడి' అనే తెలుగు పుస్తకంగా చదివి వుంటారు. 2023 చివర జపానులో అది అనిమే అయింది. ముందు తెలుగు పుస్తకం చదివించి, తరవాత సినిమా దొరికినప్పుడు చూపితే ఎంత బాగుంటుంది! తెజుకా ఒసాము వ్రాసిన 'బుద్ధ' ఇంగ్లీషులో 8 సంపుటాలుగా మన దేశంలోనూ దొరుకుతున్నది. గొప్ప రచన. కాని బుద్ధుని పేరు వున్నది గదా అని మూడవ తరగతివాడికి బహుమతిగా ఇవ్వకండి. కల్పిత పాత్రలు అనేకం, బట్టలు లేని బొమ్మలూ మోటు హాస్యమూ వున్నవి. కాలేజీ వయస్సుకు తగినది.

డబ్బు మాట కూడా చెప్పాలి. మాంగా సంపుటాలు వందల రూపాయల ఖరీదు. 45 సంపుటాలు కొనమని నేను ఏ గృహస్థుకూ చెప్పను. 'షోనెన్ జంప్' ప్రచురణకర్తలే 2019 నుంచి 'మాంగా ప్లస్' అని నడుపుతున్న చోట చాలా కథల మొదటి మూడు అధ్యాయాలూ, కొత్త మూడు అధ్యాయాలూ ఇంగ్లీషులో ఉచితం. రుచి చూడడానికి అది చాలు. దొంగచాటున పెట్టేచోట్ల పేజీ పక్కన ఎటువంటి ప్రకటనలు వస్తాయో మీరే వొకసారి చూచి రండి, పిల్లలను పంపేముందు.

మన సంఘ గ్రంథాలయానికి యీ యేడు వొక అర జపాను బొమ్మల కథలకు కేటాయించడానికి కార్యవర్గం ఒప్పుకున్నది. 'రైలుబడి', 'ఎ సైలెంట్ వాయిస్' ఏడు సంపుటాలు, 'ఫుల్‌మెటల్' మొదటి మూడు, 'హైక్యూ' మొదటి మూడు అని నేను చీటీ వ్రాసి ఇచ్చాను. ప్రతి పుస్తకం లోపలా అధికారి ఎవరో, ఏ వయస్సో, తెలుగులో వొక కాగితం అంటించాలని కోరాను. లైబ్రేరియన్‌గారికి మాత్రం వొక చిక్కు వచ్చిపడ్డది. జపాను పుస్తకం కుడినుంచి ఎడమకు నడుస్తుంది. మనం వెనక అట్ట అనుకొనేది వారికి ముందు అట్ట. సంఘం ముద్ర ఏ అట్టమీద వెయ్యాలని ఆయన అడుగుతున్నారు. అది యింకా తేలలేదు.